జావాలో డైనమిక్ క్లాస్ లోడింగ్ ఎర్రర్లను గుర్తించి సరిచేయడం: సమగ్ర మార్గదర్శి

క్లాసు పేరును కోడ్‌లో నేరుగా రాయకుండా, ప్రోగ్రామ్ నడుస్తున్న సమయంలో ఒక స్ట్రింగ్‌గా అందుకుని లోడ్ చేసుకోవడాన్ని డైనమిక్ క్లాస్ లోడింగ్ అంటారు. డేటాబేస్ డ్రైవర్లు, ప్లగిన్లు, అప్లికేషన్ సర్వర్లు, స్ప్రింగ్ వంటి ఫ్రేమ్‌వర్కులు అన్నీ దీని మీదే నడుస్తాయి. ఈ సౌలభ్యానికి బదులుగా మనం కోల్పోయేది కంపైలర్ కాపలా. పేరులో అక్షరం తప్పినా, జార్ ఫైలు (క్లాసులను కట్టగా ఉంచే ఫైలు) రాకపోయినా, అదే జార్ రెండు వెర్షన్లలో వచ్చి చేరినా కంపైలర్ నోరు మెదపదు. తప్పు బయటపడేది సర్వర్ మీద, అదీ ఆ కోడ్ దాకా అమలు చేరినప్పుడే.

ఇలాంటి ఎర్రర్ రాగానే చాలామంది చేసే పని, దొరికిన జార్‌ను దొరికిన ఫోల్డర్‌లో పెట్టి సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం. కొన్నిసార్లు దానితో ఎర్రర్ పోతుంది కూడా, కానీ అదే జార్ రెండు చోట్ల ఉండిపోయి, కొంతకాలానికి ఇంతకంటే చిక్కైన ఎర్రర్‌కు కారణమవుతుంది. జార్ డిస్క్ మీద ఉందా లేదా అన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ క్లాసును ఏ లోడర్‌ను (క్లాసులను వెతికి తెచ్చే జావా భాగాన్ని) అడిగాం, ఆ లోడర్‌కు ఏమేమి కనబడతాయి అన్నది మిగతా సగం, అసలైన సగం. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే ఉద్దేశించినవి.

చర్చ గాలిలో తేలకుండా ఒక ఉదాహరణను వెంట తీసుకువెళదాం. ఒక బిల్లింగ్ అప్లికేషన్ ఉందనుకుందాం. పన్ను లెక్కించే క్లాసు పేరును అది సెట్టింగ్స్ ఫైలులోంచి చదివి, ప్లగిన్ జార్‌లోంచి లోడ్ చేసుకుంటుంది. ఆ క్లాసు పేరు బిల్లింగ్.ట్యాక్స్.జీఎస్టీకాలిక్యులేటర్. అది అమలు చేసే ఇంటర్‌ఫేస్ పేరు బిల్లింగ్.ఏపీఐ.ట్యాక్స్‌కాలిక్యులేటర్.

మొదటి మెట్టు: ఎర్రర్ పేరును అక్షరం వదలకుండా చదవడం

స్టాక్ ట్రేస్‌లో (ఎర్రర్ ఏ పిలుపుల గుండా వచ్చిందో చూపే జాబితాలో) పై వరుస చూసి ఆగిపోకూడదు. చిట్టచివరి ‘కాజ్డ్ బై’ దాకా దిగి, అక్కడున్న ఎర్రర్ పేరును, దాని పక్కనున్న సందేశాన్ని యథాతథంగా రాసుకోవాలి. పైకి ఒకేలా కనిపించే ఈ ఎర్రర్ల కారణాలు వేరు వేరు కాబట్టి, ఇక్కడ పొరబడితే మిగతా వెతుకులాట అంతా తప్పు దారిలో సాగుతుంది.

క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ వచ్చిందంటే, ఎవరో ఒక పేరును స్ట్రింగ్‌గా ఇచ్చి క్లాస్.ఫర్‌నేమ్ ద్వారా గానీ, లోడ్‌క్లాస్ ద్వారా గానీ అడిగారు, ఆ లోడర్‌కు అది దొరకలేదు అని అర్థం. నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ అలాంటిది కాదు. ఇక్కడ కంపైల్ అయిన ఒక క్లాసు తనకు అవసరమైన మరొక క్లాసును నేరుగా ప్రస్తావించింది. కంపైల్ చేసిన రోజున ఉన్న ఆ రెండో క్లాసు, నడిచే వేళ దొరకలేదు. మన ఉదాహరణలో జీఎస్టీకాలిక్యులేటర్ చక్కగా లోడయ్యి, అది వాడే రౌండింగ్ లైబ్రరీ జార్ లేకపోతే వచ్చేది ఈ రెండో రకమే. అప్పుడు ప్లగిన్ జార్ ఉందా అని మళ్లీ మళ్లీ చూసుకోవడం వృథా ప్రయాస. వెతకవలసింది ప్లగిన్ ఆధారపడే జార్‌ను. ఈ రెండింటినీ గుర్తుపట్టడానికి ఇంకొక ఆనవాలు ఉంది. మొదటిదాని సందేశంలో ప్యాకేజీ పేర్ల మధ్య చుక్కలు ఉంటాయి, రెండోదానిలో సాధారణంగా స్లాష్‌లు ఉంటాయి.

ఆ రెండోదానిలోనే ‘కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్’ అని మొదలయ్యే రూపం ఒకటుంది. ఎక్కువ మందిని తప్పుదోవ పట్టించేది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీనికి క్లాస్‌పాత్‌తో (క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాతో) సంబంధమే లేదు. క్లాసు దొరికింది, లోడయింది కూడా. కానీ దాని స్టాటిక్ బ్లాక్‌లోనో, స్టాటిక్ ఫీల్డుకు విలువ ఇచ్చే చోటో ఒక ఎక్సెప్షన్ వచ్చింది. మొదటిసారి అది ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్‌గా బయటకు వస్తుంది, అసలు కారణం దానికి జతగా ఉంటుంది. ఆ తర్వాత ఆ క్లాసును ఎవరు ముట్టుకున్నా, జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ను నడిపే యంత్రం) దాన్ని మళ్లీ ఇనిషియలైజ్ చేయడానికి, అంటే స్టాటిక్ భాగాన్ని నడిపి సిద్ధం చేయడానికి ప్రయత్నించకుండా నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ మాత్రమే ఇస్తుంది. కాబట్టి లాగ్ ఫైలులో వెనక్కి వెళ్లి, సర్వర్ స్టార్ట్ అయినప్పటి నుంచి ఆ క్లాసు పేరు మొట్టమొదట ఎక్కడ కనబడిందో వెతకాలి. అక్కడ సెట్టింగ్స్ ఫైలు దొరకకపోవడమో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఖాళీగా ఉండడమో, నేటివ్ లైబ్రరీ లేకపోవడమో కారణంగా బయటపడుతుంది. కొత్త జేడీకేలు (జావా అభివృద్ధి కిట్లు) ఆ మొదటి కారణాన్ని తర్వాతి ఎర్రర్లకూ జతచేసి చూపిస్తున్నాయి గానీ, జావా 8 మీద నడిచే సర్వర్లకు ఆ వెసులుబాటు లేదు.

అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్ అయితే సందేశమే అన్నీ చెబుతుంది. క్లాస్ ఫైలు వెర్షన్ 52 అంటే జావా 8, 55 అంటే జావా 11, 61 అంటే జావా 17, 65 అంటే జావా 21. సందేశంలో 61 అని ఉండి, ఈ రన్‌టైమ్ 55 వరకే గుర్తిస్తుంది అని ఉంటే, జావా 17 కోసం కంపైల్ చేసిన క్లాసును జావా 11 మీద నడుపుతున్నారన్నమాట. రన్‌టైమ్‌ను మార్చాలి, లేదా జావా కంపైలర్ జావాక్‌కు --రిలీజ్ 11 ఇచ్చి మళ్లీ కంపైల్ చేయాలి.

సందేశం చివర ‘రాంగ్ నేమ్’ అని ఉంటే, క్లాస్ ఫైలు లోపల రాసి ఉన్న పేరుకూ, మనం అడిగిన పేరుకూ పొంతన లేదని అర్థం. ఫోల్డర్ వరుస ప్యాకేజీ పేరుతో కలవకపోయినా, విండోస్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడాతో పేరు ఇచ్చినా ఇది వస్తుంది.

ఇక ఎర్రర్ అసలు కనబడకపోవడం అన్నింటికంటే ఇబ్బంది. నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ ఎక్సెప్షన్ కుటుంబానికి చెందినది కాదు, ఎర్రర్ కుటుంబానికి చెందినది. కాబట్టి ఎక్సెప్షన్‌ను పట్టుకునే క్యాచ్ బ్లాక్‌కు అది చిక్కదు. పనులను వేరే థ్రెడ్ల మీద నడిపే ఎగ్జిక్యూటర్‌కు సబ్మిట్ చేసిన పనిలో అది వస్తే ఫ్యూచర్ ఆబ్జెక్టులో దాగిపోతుంది, ఎవరైనా గెట్ పిలిచేదాకా లాగ్‌లో ఒక్క వరుస కూడా రాదు. పని జరగలేదు, ఎర్రర్ కూడా లేదు అనిపించినప్పుడు జావా 9 లేదా ఆపై వెర్షన్లలో -ఎక్స్‌లాగ్:ఎక్సెప్షన్స్=ఇన్‌ఫో అనే ఆప్షన్ ఇచ్చి నడిపితే, కోడ్ మింగేసిన ఎక్సెప్షన్లు సైతం బయటకు వస్తాయి. బయటకు వచ్చేవి చాలా ఎక్కువగా ఉంటాయి కాబట్టి దీన్ని టెస్ట్ సర్వర్ మీద వాడడం మేలు.

రెండో మెట్టు: పేరును అనుమానించడం

ఇది చిన్న మెట్టే అయినా దాటవేయకూడదు. జావా ప్రాపర్టీస్ ఫైలును చదివేటప్పుడు విలువకు ముందున్న ఖాళీలను తీసేస్తుంది, చివరనున్న ఖాళీలను మాత్రం అలాగే ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో జీఎస్టీకాలిక్యులేటర్ తర్వాత ఒక్క స్పేస్ మిగిలిపోతే, ఎర్రర్ సందేశంలో పేరు కంటికి నూటికి నూరుపాళ్లు సరిగ్గానే కనబడుతుంది, క్లాసు మాత్రం దొరకదు. అందుకే పేరును లాగ్ చేసేటప్పుడు రెండు వైపులా చదరపు బ్రాకెట్లు పెట్టి, పక్కనే దాని పొడవును కూడా రాయించాలి. చదివిన వెంటనే ట్రిమ్ చేయాలి.

క్లాసు లోపలి క్లాసును పేరుతో పిలిచేటప్పుడు మధ్యలో చుక్క కాదు, డాలర్ గుర్తు ఉండాలి. కోడ్‌లో బయటి క్లాసు, చుక్క, లోపలి క్లాసు అని రాసే అలవాటు ఇక్కడ పనికిరాదు. అర్రే క్లాసుల పేర్లు లోడ్‌క్లాస్‌కు ఇస్తే దొరకవు, క్లాస్.ఫర్‌నేమ్‌కు ఇస్తే దొరుకుతాయి. ప్రోగార్డ్ వంటి పనిముట్లు క్లాసుల పేర్లు కుదించే చోట, స్ట్రింగ్‌గా రాసిన పాత పేరు ఇక ఎక్కడా ఉండదు. ఆ క్లాసును కుదింపు నుంచి మినహాయిస్తూ నియమం రాయాలి.

మూడో మెట్టు: క్లాస్‌పాత్ ఏమిటో జేవీఎంనే అడగడం

స్టార్టప్ స్క్రిప్టులో ఏం రాసి ఉందో చదివి క్లాస్‌పాత్ అదేనని నమ్మకూడదు. నడుస్తున్న ప్రాసెస్ ఐడీతో జేసీఎండీ పనిముట్టును పిలిచి, వీఎం.సిస్టమ్_ప్రాపర్టీస్ అడిగితే జావా.క్లాస్.పాత్ అసలు విలువ కనబడుతుంది, వీఎం.కమాండ్_లైన్ అడిగితే ఏ ఆప్షన్లతో స్టార్ట్ అయిందో తెలుస్తుంది. ఈ రెండు జవాబులతోనే తేలిపోయే సమస్యలు తక్కువేమీ కాదు.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, జావా -జార్ అని నడిపినప్పుడు -సీపీ ఆప్షన్‌నూ, క్లాస్‌పాత్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌నూ జేవీఎం పట్టించుకోదు. ఆ జార్ లోపలి మ్యానిఫెస్ట్‌లో (జార్ వివరాల ఫైలులో) క్లాస్-పాత్ వరుసలో ఏముందో అదే లెక్క. -సీపీకి ఎన్ని జార్లు జోడించినా ఫలితం లేదని వాపోయే సందర్భాల్లో ముందుగా చూడవలసింది దీన్నే. -సీపీ పనిచేయాలంటే -జార్ వదిలేసి, జార్లన్నిటినీ -సీపీలో ఇచ్చి, మెయిన్ క్లాసు పేరు విడిగా ఇవ్వాలి.

లిబ్/* అని స్టార్ గుర్తు వాడితే ఆ ఫోల్డర్‌లోని జార్లు మాత్రమే వస్తాయి. విడి క్లాస్ ఫైళ్లూ రావు, లోపలి ఫోల్డర్లలోని జార్లూ రావు. లినక్స్‌లో దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే జేవీఎం కంటే ముందు షెల్లే దాన్ని విడగొట్టే ప్రమాదం ఉంది. లినక్స్‌లో కోలన్, విండోస్‌లో సెమీకోలన్ అన్న తేడా అందరికీ తెలిసినదే అయినా, విండోస్ ల్యాప్‌టాప్ మీద రాసిన స్క్రిప్టు లినక్స్ సర్వర్ మీదకు వెళ్లినప్పుడు అదే దెబ్బతీస్తుంది.

క్లాసు నిజంగా జార్‌లో ఉందో లేదో తేల్చడానికి జార్ టీఎఫ్ అని ఆదేశమిచ్చి జాబితా చూడాలి. ప్యాకేజీ వరుసతో సహా ఫైలు కనబడాలి. స్ప్రింగ్ బూట్ జార్లలో మన క్లాసులు బూట్-ఇన్ఫ్/క్లాసెస్ కింద, లైబ్రరీలు బూట్-ఇన్ఫ్/లిబ్ కింద ఉంటాయి. అలాంటి జార్‌ను ఇంకో ప్రాజెక్టుకు డిపెండెన్సీగా ఇస్తే అందులోని క్లాసులు మామూలు లోడర్‌కు కనబడవు.

నాలుగో మెట్టు: ఏ లోడర్‌ను అడిగామో తేల్చుకోవడం

క్లాసు ఉంది, పేరు సరిగ్గా ఉంది, అయినా దొరకలేదు అన్నప్పుడు ఈ మెట్టు దగ్గర ఎంత సమయమైనా వెచ్చించవచ్చు.

జావాలో లోడర్లు తల్లీపిల్లల వరుసలో ఉంటాయి. అన్నింటికీ పైన బూట్‌స్ట్రాప్ లోడర్, దాని కింద జావా 9 నుంచి ప్లాట్‌ఫామ్ లోడర్ అని పిలిచే పూర్వపు ఎక్స్‌టెన్షన్ లోడర్, దాని కింద క్లాస్‌పాత్‌ను చదివే అప్లికేషన్ లోడర్ ఉంటాయి. అప్లికేషన్ సర్వర్లూ, ప్లగిన్ వ్యవస్థలూ దాని కింద తమ సొంత లోడర్లను పెట్టుకుంటాయి. ఒక లోడర్‌ను క్లాసు అడిగితే మామూలుగా అది ముందు తల్లి లోడర్‌ను అడుగుతుంది, అక్కడ లేకపోతేనే తాను వెతుకుతుంది. ఇందువల్ల కింది లోడర్‌కు పైవన్నీ కనబడతాయి గానీ, పై లోడర్‌కు కిందివి ఎప్పటికీ కనబడవు. అప్లికేషన్ లోడర్ లోడ్ చేసిన కోడ్, ప్లగిన్ లోడర్ దగ్గరున్న జీఎస్టీకాలిక్యులేటర్‌ను ఉత్త పేరుతో అడిగితే దొరకకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ మూడు పద్ధతుల మధ్య తేడా తెలిసి ఉండాలి. ఒక్క పేరు మాత్రమే తీసుకునే క్లాస్.ఫర్‌నేమ్, తనను పిలిచిన క్లాసు ఏ లోడర్‌కు చెందినదో ఆ లోడర్‌నే అడుగుతుంది, దొరికిన క్లాసును వెంటనే ఇనిషియలైజ్ చేస్తుంది. కాబట్టి ఫర్‌నేమ్ పిలుపును ఒక ఉమ్మడి యుటిలిటీ జార్‌లో దాచిపెడితే, అడిగేది మన అప్లికేషన్ లోడర్‌ను కాదు, ఆ యుటిలిటీ జార్‌ను లోడ్ చేసిన లోడర్‌ను. మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫర్‌నేమ్‌కు లోడర్‌ను మనమే స్పష్టంగా ఇస్తాం. డైనమిక్ లోడింగ్ చేసే కోడ్‌లో ఎప్పుడూ దీన్నే వాడడం మంచిదని నా సలహా. ఇక లోడ్‌క్లాస్ క్లాసును తెస్తుంది గానీ ఇనిషియలైజ్ చేయదు, అందువల్ల స్టాటిక్ బ్లాక్‌లో తనను తాను రిజిస్టర్ చేసుకునే క్లాసులు దీనితో లోడైనా రిజిస్టర్ కావు.

వీటికి తోడు ప్రతి థ్రెడ్‌కూ ఒక కాంటెక్స్ట్ క్లాస్ లోడర్ ఉంటుంది. ఒక ఇంటర్‌ఫేస్‌ను అమలు చేసే క్లాసులను వెతికిపెట్టే సర్వీస్‌లోడర్.లోడ్‌కు లోడర్‌ను విడిగా ఇవ్వకపోతే అది వాడేది దీన్నే. ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చే జేఏఎక్స్‌బీ వంటి లైబ్రరీలూ దీని మీద ఆధారపడతాయి. థ్రెడ్ మారితే ఈ లోడర్ కూడా మారవచ్చు. దీని వల్ల వచ్చే ఒక సమస్యను దగ్గరగా చూద్దాం.

బిల్లింగ్ అప్లికేషన్‌ను స్ప్రింగ్ బూట్ జార్‌గా తయారు చేసి, పన్ను లెక్కింపును కంప్లీటబుల్‌ఫ్యూచర్.సప్లైఅసింక్‌లోకి మార్చారనుకుందాం. ఐడీఈలో (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్‌లో) నడిపితే పనిచేస్తుంది. జావా 8 మీద జార్‌గా నడిపినా పనిచేస్తుంది. జావా 11 మీద అదే జార్‌ను నడిపితే, సర్వీస్‌లోడర్‌కు ఒక్క ప్లగిన్ కూడా దొరకదు. కారణం ఏమిటంటే, ఎగ్జిక్యూటర్‌ను విడిగా ఇవ్వనప్పుడు ఆ పని ఫోర్క్‌జాయిన్ కామన్ పూల్ థ్రెడ్‌కు వెళుతుంది, జావా 9 నుంచి ఆ థ్రెడ్లకు కాంటెక్స్ట్ లోడర్‌గా సిస్టమ్ లోడర్‌నే పెడుతున్నారు. స్ప్రింగ్ బూట్ జార్‌లో సిస్టమ్ లోడర్‌కు కనబడేది లాంచర్ కోడ్ మాత్రమే. బూట్-ఇన్ఫ్/లిబ్‌లోని జార్లన్నీ స్ప్రింగ్ బూట్ సొంత లోడర్ దగ్గర ఉంటాయి. ఐడీఈలో జార్లన్నీ నేరుగా క్లాస్‌పాత్ మీద ఉంటాయి కాబట్టి అక్కడ తేడా తెలియదు. ప్యారలల్ స్ట్రీమ్‌లకూ ఇదే వర్తిస్తుంది.

పరిష్కారం రెండు విధాలు. సర్వీస్‌లోడర్.లోడ్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా మన అప్లికేషన్ క్లాసు లోడర్‌ను ఇవ్వడం మొదటిది, మెరుగైనది. లోపలి లైబ్రరీ కోడ్‌ను మార్చలేనప్పుడు సొంత ఎగ్జిక్యూటర్‌ను ఇచ్చి, దాని థ్రెడ్లకు సరైన కాంటెక్స్ట్ లోడర్ పెట్టాలి. పని మధ్యలో సెట్‌కాంటెక్స్ట్‌క్లాస్‌లోడర్ పిలిస్తే మాత్రం, ముందున్న లోడర్‌ను దాచుకుని ఫైనల్లీ బ్లాక్‌లో తిరిగి పెట్టి తీరాలి. లేకపోతే ఆ థ్రెడ్ మీద తర్వాత నడిచే, దీనితో సంబంధం లేని పనికి ఎర్రర్ వస్తుంది.

సర్వీస్‌లోడర్ ఖాళీ చేతులతో తిరిగి రావడానికి ఇంకొక సాధారణ కారణం, అమలు చేసే క్లాసుల పేర్లు రాసి ఉంచే మెటా-ఇన్ఫ్/సర్వీసెస్ ఫైలు. జార్లన్నింటినీ ఒకే పెద్ద జార్‌గా కలిపేటప్పుడు ఒకే పేరున్న ఈ ఫైళ్లలో ఒకటి మిగిలి, మిగతావి చెరిగిపోతాయి. బిల్డ్ పనిముట్టు మావెన్‌కు చెందిన షేడ్ ప్లగిన్‌లో సర్వీసెస్‌రిసోర్స్‌ట్రాన్స్‌ఫార్మర్ పెడితే అవి కలిసి వస్తాయి. ‘నో సూటబుల్ డ్రైవర్’ అనే జేడీబీసీ (జావా డేటాబేస్ అనుసంధానం) ఎర్రర్‌కు తరచూ మూలం ఇక్కడే ఉంటుంది, ఎందుకంటే జావా 6తో వచ్చిన జేడీబీసీ 4.0 నుంచి డ్రైవర్లు ఈ ఫైలు ద్వారానే వాటంతట అవి రిజిస్టర్ అవుతున్నాయి.

ఐదో మెట్టు: ఒకే క్లాసు రెండు చోట్ల ఉందేమో చూడడం

జేవీఎం దృష్టిలో క్లాసు గుర్తింపు అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ దాన్ని డిఫైన్ చేసిన లోడరూ కలిసి. ఒకే క్లాస్ ఫైలును రెండు లోడర్లు విడివిడిగా లోడ్ చేస్తే అవి రెండు వేర్వేరు క్లాసులు. ‘ట్యాక్స్‌కాలిక్యులేటర్‌ను ట్యాక్స్‌కాలిక్యులేటర్‌గా మార్చలేను’ అన్న అర్థంలో వచ్చే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వెనకున్నది ఇదే. కొత్త జావా వెర్షన్ల సందేశాల్లో రెండు వైపులా లోడర్ల పేర్లు కూడా రాసి ఉంటాయి కాబట్టి సందేశాన్ని చివరిదాకా చదవాలి.

మన ఉదాహరణలో, ప్లగిన్ తయారు చేసినవారు ఏపీఐ జార్‌ను కూడా ప్లగిన్ జార్‌లో కలిపేశారనుకుందాం. ప్లగిన్ లోడర్ తల్లిని అడగకుండా తన దగ్గరే ముందు వెతికే రకమైతే, ఇంటర్‌ఫేస్ రెండో కాపీ పుడుతుంది. దీనికి మందు ప్లగిన్ ప్రాజెక్టులో ఏపీఐని మావెన్‌లో ప్రొవైడెడ్‌గా, మరో బిల్డ్ పనిముట్టు గ్రేడిల్‌లో కంపైల్‌ఓన్లీగా ప్రకటించడం. వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ టామ్‌క్యాట్‌లో వెబ్ అప్లికేషన్ లోడర్ జావా మూల క్లాసులనూ, సర్వ్లెట్ ఏపీఐ వంటివాటినీ మినహాయించి తక్కినవాటిని ముందు వెబ్-ఇన్ఫ్‌లోనే వెతుకుతుంది. అందువల్ల ఒకే జార్‌ను టామ్‌క్యాట్ లిబ్‌లోనూ, వెబ్-ఇన్ఫ్/లిబ్‌లోనూ ఉంచకూడదు.

నోసచ్‌మెథడ్‌ఎర్రర్ కూడా ఈ కుటుంబంలోదే. క్లాసు దొరికింది, కానీ పాత జార్‌లోంచి దొరికింది. ఏ జార్‌లోంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఆ క్లాసు మీద గెట్‌ప్రొటెక్షన్‌డొమైన్, దాని మీద గెట్‌కోడ్‌సోర్స్, దాని మీద గెట్‌లొకేషన్ పిలిచి లాగ్ చేయాలి. జావా మూల క్లాసులకు కోడ్‌సోర్స్ నల్ రావచ్చు కాబట్టి ముందు పరీక్షించుకోవాలి. కాపీలు ఎన్ని ఉన్నాయో చూడాలంటే లోడర్ మీద గెట్‌రిసోర్సెస్ పిలిచి, క్లాసు పేరును స్లాష్‌లతో, చివర .క్లాస్ చేర్చి ఇవ్వాలి. ముందు మాత్రం స్లాష్ ఉండకూడదు. ఒకటి కంటే ఎక్కువ చిరునామాలు వస్తే దొంగ దొరికినట్లే. ఆ కాపీని లాక్కొచ్చిన డిపెండెన్సీ ఏదో మావెన్‌లో డిపెండెన్సీ:ట్రీ, గ్రేడిల్‌లో డిపెండెన్సీఇన్‌సైట్ చూపిస్తాయి.

కోడ్‌ను ముట్టుకునే వీలు లేని సర్వర్ మీద ఇలా నడపవచ్చు:

జావా -ఎక్స్‌లాగ్:క్లాస్+లోడ్=ఇన్‌ఫో:ఫైల్=లోడ్.లాగ్ -జార్ బిల్లింగ్.జార్

లోడైన ప్రతి క్లాసుకూ ఈ ఫైలులో ఒక వరుస వస్తుంది. క్లాసు పేరు పక్కన ‘సోర్స్’ అని ఉండి, అది వచ్చిన జార్ చిరునామా ఉంటుంది. జేఆర్‌టీ అని మొదలైతే జేడీకే మాడ్యూల్ నుంచి వచ్చిందనీ, షేర్డ్ ఆబ్జెక్ట్స్ ఫైల్ అని ఉంటే ముందే సిద్ధం చేసిన ఆర్కైవ్ నుంచి వచ్చిందనీ అర్థం. జావా 8లో దీనికి బదులు -వెర్బోస్:క్లాస్ వాడాలి. లోడర్ల వంశవృక్షం కావాలంటే జావా 11 నుంచి జేసీఎండీలో వీఎం.క్లాస్‌లోడర్స్ ఆదేశం ఉంది.

ఆరో మెట్టు: జావా వెర్షన్ మారాక వచ్చిన ఎర్రర్లు

అప్‌గ్రేడ్ తర్వాత మొదలైన ఎర్రర్ అయితే, ఈ మెట్టును రెండో మెట్టు కంటే ముందుకు తెచ్చుకోవచ్చు. జావాఎక్స్.ఎక్స్‌ఎంఎల్.బైండ్ ప్యాకేజీ దొరకలేదంటే, జావా 11లో జేఏఎక్స్‌బీని జేడీకే నుంచి తొలగించారు కాబట్టి దాన్ని డిపెండెన్సీగా చేర్చాలి. జావాఎక్స్.సర్వ్లెట్ దొరకలేదంటే టామ్‌క్యాట్ 10కు మారారేమో చూడాలి. అక్కడి నుంచి ప్యాకేజీ పేరు జకార్తా.సర్వ్లెట్ అయింది, స్ప్రింగ్ బూట్ 3 కూడా ఆ దారిలోనే ఉంది. అప్లికేషన్ లోడర్‌ను యూఆర్‌ఎల్‌క్లాస్‌లోడర్‌గా క్యాస్ట్ చేసి, దానికి జార్లు జోడించే పాత కోడ్ జావా 9 నుంచి క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ ఇస్తుంది, ఎందుకంటే ఇప్పుడది ఆ రకం లోడర్ కాదు. తల్లిగా నల్ ఇచ్చి సృష్టించిన లోడర్‌కు జావా 8లో కనబడిన జావా.ఎస్‌క్యూఎల్ క్లాసులు జావా 9లో కనబడవు. అవి ప్లాట్‌ఫామ్ లోడర్‌కు మారాయి. నల్ స్థానంలో గెట్‌ప్లాట్‌ఫామ్‌క్లాస్‌లోడర్ ఇవ్వాలి. జావా 17 మీద ఇన్‌యాక్సెసిబుల్‌ఆబ్జెక్ట్‌ఎక్సెప్షన్ వస్తే సమస్య లోడింగ్‌ది కాదు, మాడ్యూల్ అనుమతిది. ముందుగా ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ ఉందేమో చూసి, లేకపోతేనే --యాడ్-ఓపెన్స్ వాడాలి.

ఏడో మెట్టు: సొంత లోడర్ రాసుకున్నప్పుడు

ప్లగిన్ల కోసం యూఆర్‌ఎల్‌క్లాస్‌లోడర్ సృష్టించేటప్పుడు ఫోల్డర్ చిరునామా చివర స్లాష్ తప్పనిసరి. స్లాష్ లేకపోతే దాన్ని జార్‌గా భావిస్తుంది, లోపల ఏమీ దొరకదు, లోడర్ సృష్టించేటప్పుడు ఎర్రర్ కూడా రాదు. తల్లి లోడర్‌ను ఊహకు వదలకుండా, ఏపీఐ ఇంటర్‌ఫేస్ ఏ లోడర్‌కు చెందినదో దాన్నే ఇవ్వాలి. సొంత సబ్‌క్లాసు రాస్తే లోడ్‌క్లాస్‌ను కాకుండా ఫైండ్‌క్లాస్‌ను ఓవర్‌రైడ్ చేయాలి, అప్పుడు తల్లిని ముందు అడిగే క్రమం చెదరదు.

ఈ లోడర్‌ను ట్రై-విత్-రిసోర్సెస్‌లో పెట్టి, ప్లగిన్ ఆబ్జెక్టును మాత్రం బయటకు ఇచ్చేయడం ఒక సూక్ష్మమైన తప్పు. బ్లాక్ ముగియగానే లోడర్ మూతపడుతుంది. జీఎస్టీకాలిక్యులేటర్ అప్పటికే లోడై ఉంది కాబట్టి మొదట్లో అంతా బాగానే నడుస్తుంది. గంట తర్వాత ఏదో ఒక బిల్లులో అది మొదటిసారి తన లోపలి క్లాసును వాడబోతే, జార్ కళ్ల ముందే ఉన్నా నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. జేవీఎం క్లాసులను అవసరమైనప్పుడే లోడ్ చేస్తుంది కాబట్టి, ప్లగిన్ బతికి ఉన్నంతకాలం దాని లోడర్ తెరిచి ఉండాలి. అదే కారణంగా, నడుస్తున్న అప్లికేషన్ తెరిచి ఉంచిన జార్‌పై కొత్త జార్‌ను కాపీ చేయకూడదు. కొత్త పేరుతో పెట్టి, కొత్త లోడర్‌తో తెరవాలి.

ఆబ్జెక్టు సృష్టించడానికి క్లాస్ మీది న్యూఇన్‌స్టెన్స్‌ను వాడవద్దు. జావా 9 నుంచి అది డెప్రికేట్ అయింది. గెట్‌డిక్లేర్డ్‌కన్‌స్ట్రక్టర్ ద్వారా వెళితే కన్‌స్ట్రక్టర్ లోపలి ఎక్సెప్షన్ ఇన్వొకేషన్‌టార్గెట్‌ఎక్సెప్షన్‌లో చుట్టి వస్తుంది, గెట్‌కాజ్‌తో అసలు కారణాన్ని బయటకు తీయవచ్చు. దానికి ముందు యాజ్‌సబ్‌క్లాస్ పిలిచి, వచ్చిన క్లాసు మన ఇంటర్‌ఫేస్‌కు చెందినదో కాదో తేల్చుకోవాలి. క్లాసు పేరు బయటి నుంచి వచ్చేదైతే, అనుమతించిన పేర్ల జాబితాతో సరిపోల్చిన తర్వాతే లోడ్ చేయాలి. 2021 డిసెంబరులో బయటపడిన లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే లోపం, బయటి వ్యక్తి ఇచ్చిన స్ట్రింగ్ ఆధారంగా క్లాసు లోడ్ కావడం ఎంత దూరం వెళ్లగలదో ప్రపంచానికంతటికీ చూపించింది.

చివరగా ప్లగిన్‌ను తీసేసే సంగతి. క్లోజ్ పిలిస్తే ఫైలు మూతపడుతుంది గానీ, క్లాసులు మెమరీ నుంచి పోవు. లోడర్‌ను గానీ, దాని క్లాసులను గానీ, వాటి ఆబ్జెక్టులను గానీ ఎవరూ పట్టుకుని లేనప్పుడే గార్బేజ్ కలెక్టర్ వాటిని తీసేస్తుంది. థ్రెడ్‌లోకల్‌లో మిగిలిన విలువ, ప్లగిన్ ప్రారంభించి ఆపని థ్రెడ్, డ్రైవర్‌మేనేజర్‌లో డీరిజిస్టర్ చేయని డ్రైవర్, షట్‌డౌన్ హుక్ వీటిలో ఏ ఒక్కటి మిగిలినా లోడర్ మొత్తం నిలిచిపోతుంది. ప్రతి రీలోడ్‌కూ ఒక పాత లోడర్ మిగులుతూ పోతే, ఏదో ఒక రోజు ‘అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్: మెటాస్పేస్’ వస్తుంది (మెటాస్పేస్ అంటే క్లాసుల వివరాలు ఉండే మెమరీ). మెటాస్పేస్ పరిమితి పెంచడం ఆ రోజును వాయిదా వేయడమే. టెస్ట్ సర్వర్‌లో ప్లగిన్‌ను పలుమార్లు రీలోడ్ చేసి, జేసీఎండీతో జీసీ.రన్ ఇచ్చి, వీఎం.క్లాస్‌లోడర్స్ జాబితాలో పాత ప్లగిన్ లోడర్లు మాయమయ్యాయో లేదో చూడాలి. మిగిలి ఉంటే జీసీ.హీప్_డంప్‌తో డంప్ తీసి, ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో ఆ లోడర్ మీద ‘పాత్ టు జీసీ రూట్స్’ అడగాలి, వీక్ రిఫరెన్సులను మినహాయించాలి. లోడర్‌ను పట్టుకుని ఉన్న థ్రెడ్ పేరో, స్టాటిక్ ఫీల్డు పేరో ఆ దారిలో కనబడుతుంది, సరిచేయవలసిన చోటు అదే.